ఎడమ పిలక

చుక్కల మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని మొక్క కేసి చూస్తున్నప్పుడు ఎవరూ పలకరించకూడదు. పలకరించినా పలకడు. పలికితే ఆ మాట వినేలా ఉండదు. ఈ సంగతి ఆయన భార్యకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. తెలిసే, రోజూ పొద్దున టీ గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న అడుగుతుంది.

"బతికే ఉందా?"

"చస్తే ముందు నీకే చెప్తాలే."

"అబ్బో, నా అదృష్టం."

పెరడంటే పెద్ద పెరడేం కాదు. బట్టలారేసే తీగ, నీళ్ళ డ్రమ్ము, ఆ రెంటి మధ్య ఎవరింట్లోనో ఊడబీకి పారేసిన వంటింటి సింకు. సింకు నిండా ఇసుక కలిపిన మట్టి. ఆ మట్టిలో ఒకే ఒక్క ఐరిస్ మొక్క. ఐరిస్ దుంప అల్లంకొమ్ములా నేలబారున అడ్డంగా పాకుతుంది. దాని కొసన కత్తుల్లాంటి ఆకులు విసనకర్రలా విచ్చుకుంటాయి. అలాంటి విసనకర్ర ఒక్కొక్కటీ ఒక్కో పిలక. ఈ మొక్కకు రెండు పిలకలున్నాయి. కుడి పిలక తొమ్మిది ఆకులతో నిగనిగలాడుతూ మోకాలెత్తు లేచింది. ఎడమ పిలకకు నాలుగే ఆకులు. పొట్టి, మందం, అట్టముక్కలా బిరుసు, ఒక ఆకు కొస మెలిపడి వంకర తిరిగింది. చూసినవాళ్ళెవరైనా కుడిదాన్ని మెచ్చుకుని, ఎడమదానికి తెగులు తగిలిందని జాలిపడతారు. మేస్త్రి ప్రాణమంతా ఆ తెగులుమొహం దానిలోనే ఉంది.

ఎండు గుట్టల్లో రాళ్ళ సందున పెరిగే పొట్టి ఐరిస్ జాతి ఒకటి, నీటి ఒడ్డున పెరిగే పొడుగు జాతి ఒకటి. ఆ రెంటినీ కలిపితే వచ్చే పువ్వుకు పొగరంగు రేకులు, గొంతులో రాగి మెరుపు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ గొడ్డుది. తల్లి దారాలకూ తండ్రి దారాలకూ జత కుదరదు. పుప్పొడి అంతా డొల్ల. కాయ కట్టదు, గింజ పడదు. దారాలంటే క్రోమోజోములు. ఆరో తరగతిలో బడి మానేసిన మేస్త్రికి అర్థం కావడానికి పూలతోటలో పరిశోధన చేసే డాక్టరమ్మ ఒకప్పుడు అలా చెప్పింది, ఆయనకు అదే మాట నాలుక మీద నిలిచిపోయింది. మొలక మొవ్వులో మందు చుక్క పడితే ఆ దారాలు రెట్టింపవుతాయి. రెట్టింపైతే ప్రతి దారానికీ దాని జోడు దానికి దొరుకుతుంది. అప్పుడు గొడ్డు మొక్క కూడా కాయ కడుతుంది.

ఒక్క కాయ. చుక్కల మేస్త్రికి ఈ జన్మకు కావలసింది అంతే. ఆ కాయ తెంపి, రుమాల్లో చుట్టి, తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాలి. పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా వెనక్కి తిరిగొచ్చెయ్యాలి. ఆ నడక కూడా ఎన్నిసార్లో మనసులో నడిచి చూసుకున్నాడు. కుంటకుండా నడవాలి, అదొక్కటే కష్టం.

పూల పరిశోధన తోటలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడాయన. గాజుగదిలో మొలకల ముందు స్టూలు వేసుకుని, రెండు లేత ఆకుల మధ్య మొవ్వు మీద పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క, మూడు రోజులు. చుక్క పెద్దదైతే మొలక చస్తుంది, చిన్నదైతే ఏమీ కాదు. ఆ చెయ్యి ఆయనకే కుదిరింది కాబట్టి చుక్కల మేస్త్రి అన్నారు. కొత్తగా చేరినవాళ్ళు, సాయంత్రమైతే ఈయన చుక్కేసుకుంటాడు కాబోలు అనుకునేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు. తాగుబోతు అనుకుంటే కనీసం దూరంగా నిలబడతారు.

డాక్టరమ్మ తోటకొచ్చినప్పుడు ఆవిడకు ఇరవై ఆరేళ్ళు. చదువు కొండంత ఉంది, చేతికి మట్టి అంటలేదు. మొదటి ఏడే ఒక తెల్ల ఐరిస్ మొలకలో మందు పట్టింది. కానీ సగమే పట్టింది. అలాగే అవుతుంది ఎప్పుడూ. ఒకే దుంప మీద ఒక పిలక రెట్టింపుది, ఒకటి మామూలుది. రెట్టింపుది కుంటుతూ, మెలికలు పడుతూ, నిదానంగా పెరుగుతుంది. మామూలుది పరుగులు పెడుతుంది. వదిలేస్తే ఆ పరుగులు పెట్టేదే నీళ్ళూ ఎండా అంతా తాగేసి రెండోదాన్ని తొక్కి చంపేస్తుంది. అందుకని చలి రాకముందే మంచిగా పెరిగే పిలకను కోసి పారెయ్యాలి. డాక్టరమ్మకు చేతులు రాలేదు. "ఎంత బాగుంది మేస్త్రిగారూ, ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంది. ఆవిడ భోజనానికి వెళ్ళిన అరగంటలో మేస్త్రి దాన్ని కోసేశాడు. రెండు రోజులు ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. మూడో ఏడు ఆ కుంటి పిలకే అరచెయ్యంత తెల్లపూలు పూసి, ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చింది. తోట పేరు నలుగురి నోళ్ళలో పడింది.

చాలా ఏళ్ళకు డాక్టరమ్మ ఆ పనులన్నిటి మీదా పుస్తకం రాసింది. అట్ట మీద అదే తెల్లపువ్వు. లోపల డైరెక్టరు పేరుంది, ఫొటోలు తీసినవాడి పేరుంది, టైపు కొట్టినమ్మాయి పేరు కూడా ఉంది. మేస్త్రి వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. చివరికి గుమాస్తాను అడిగాడు.

"ఇందులో నేనెక్కడున్నానండీ?"

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని పేజీ అడుగున చూపించాడు. 'క్షేత్రస్థాయిలో సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు.'

"ఇదుగో, సిబ్బందిలో ఉన్నావు కదా మేస్త్రీ. నేనూ అందులోనే. వాచ్‌మనూ అందులోనే. గడ్డి కోసే మిషనుకు కూడా అక్కడే చోటిచ్చుంటారు, చూసుకో."

మర్నాడు మేస్త్రి గాజుగది తాళంచెవి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. ఏమైంది మేస్త్రిగారూ అంటే, మోకాళ్ళండీ అన్నాడు. ఆవిడ నమ్మింది. అయ్యో, జాగ్రత్త అంది. పుస్తకంలో పేరు లేకపోవడం ఒక ఎత్తు, మోకాళ్ళంటే నమ్మడం ఇంకో ఎత్తు. ఈ రెండో దానికే ఆయన కడుపు ఎక్కువ మండింది.

అదే పుస్తకం చివర డాక్టరమ్మ ఒక మాట రాసింది. ఆ పొగరంగు సంకరాన్ని రెట్టింపు చేయడానికి పదకొండేళ్ళు ప్రయత్నించామనీ, అది సాధ్యం కాదని తేలిందనీ. మేస్త్రి ఆ పేజీ చింపి తెచ్చుకున్నాడు. వంటింట్లో కరెంటు మీటరు పెట్టె లోపల అంటించాడు.

తల్లి జాతీ తండ్రి జాతీ తోట వెనక పారేసిన దుంపల కుప్పలో దొరికాయి. మందే దొరకలేదు. అది విషం, ఎవరికి పడితే వాళ్ళకు అమ్మరు. అప్పుడు ఆయన కాలి బొటనవేలు వంకాయలా వాచింది. గౌట్ అని ఆసుపత్రి డాక్టరు మాత్రలు రాశాడు. మాత్రల పెట్టెలోని కాగితం విప్పితే, గాజుగది నల్లసీసా మీద ఇరవై రెండేళ్ళు చూసిన పేరే. మేస్త్రి జీవితంలో అదొక్కటే కలిసొచ్చిన సంగతి. ఆ రోజు నుంచి మాత్రలన్నీ నూరి మొలకలకే పోశాడు.

"కాలు నీది, మాత్ర మొక్కది" అనేది భార్య. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా ఆవిడ మాటలు ఆగేవి కావు. "దానికి నడక వచ్చేలోగా నీకు నడక పోతుంది."

ఆరేళ్ళు. రెండు జాతుల్నీ ఏటేటా కలపడం, పడిన గుప్పెడు గింజల్ని మొలకెత్తించడం, చుక్క వెయ్యడం. మొత్తం మూడొందల పన్నెండు మొలకలు. కొన్ని ఉల్లిపాయల్లా ఉబ్బి ఆగిపోయాయి. కొన్నిటికి వేళ్ళే రాలేదు. కొన్ని ఏ కారణం లేకుండా, ఆయన్ను చూసి విసుగెత్తినట్టు వాలిపోయాయి. మిగిలింది ఈ సింకులోదే.

ఎడమ పిలక నిజంగా రెట్టింపైందా లేదా అన్నది ఆకు చెబుతుంది. ఆకు అడుగున గాలి పీల్చుకునే సన్నని నోళ్ళుంటాయి. రెట్టింపైతే ఆ నోళ్ళు పెద్దవవుతాయి. ఆకు మీద రంగులేని గోళ్ళరంగు పూసి, ఆరాక పొరలా ఊడదీసి, గాజుపలక మీద అంటించి చూస్తే నోళ్ళన్నీ అచ్చు పడి ఉంటాయి. ఆ గోళ్ళరంగు కొనుక్కురమ్మన్న రోజు భార్య కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది.

"ముప్ఫై ఏళ్ళలో నాకు ఎర్రది కొన్నవాడివి కాదు. దీనికి రంగులేనిది కావాలా?"

బావమరిది ఏదో బడి పాత సామాను కొన్నప్పుడు వచ్చిన మైక్రోస్కోపు ఇచ్చాడు. కుడి ఆకు అచ్చులో, కనిపించే గుండ్రంలో ఇరవై రెండు నోళ్ళు. ఎడమ ఆకు అచ్చులో పన్నెండే, ఒక్కోటీ కుడిదాని నోటికి ఒకటిన్నర రెట్లు. మేస్త్రి పదిసార్లు లెక్కపెట్టాడు. తర్వాత భార్యను పిలిచి లెక్కపెట్టించాడు. ఆవిడ పన్నెండే అంది. ఆ పూట ఆయన రెండో గ్లాసు టీ అడిగి తాగాడు.

ఇక మిగిలింది కుడి పిలకను కొయ్యడమే. చలికి ఇంకా నెల ఉంది. ఆదివారం పొద్దున కత్తి సానపెట్టి, వేణ్ణీళ్ళతో కడిగి, కోసిన చోట అద్దడానికి బూడిద జల్లెడ పట్టి, సింకు పక్కన పీట వేసుకు కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. ఇంటి మొక్కలు అమ్మే నర్సరీ అతనిది. పూలతోటకు కుండీలు పంపేది కూడా అతనే. నోట్లో నువ్వుగింజ నానదు.

"బావా, నీ గొడ్డు సంగతి డాక్టరమ్మకి చెప్పేశా."

మేస్త్రి చేతిలో కత్తి ఆగిపోయింది. "ఎవడు చెప్పమన్నాడ్రా నిన్ను?"

"చెప్తే తప్పా? ఆవిడ కళ్ళు ఇంతింత చేసుకుంది. అది అవదే అంది. మా బావ చేశాడండీ అన్నా. గురువారం నేనే వచ్చి చూస్తానంది."

"గురువారమా?"

"గురువారమే. సాయంత్రం. కుర్చీ ఒకటి కడిగి పెట్టు. మీ ఇంట్లో కుర్చీలన్నీ దారప్పోగులే."

"మా కుర్చీల సంగతి నీకెందుకురా" అంది అక్క, సూదులు తీసి.

మేస్త్రి మొక్క కేసి చూశాడు. కుడిది కోసేస్తే మిగిలేది నాలుగాకుల కుంటిది. దాన్నా డాక్టరమ్మకు చూపించేది? ఆవిడ వంగి చూస్తుంది. ఇదేనా మేస్త్రిగారూ అంటుంది. అనకపోయినా, ఆ చూపు అంటుంది. తోటలో ఏళ్ళ తరబడి చూసిన చూపే. అదే రెండు పిలకలూ పక్కపక్కన ఉంటే, మామూలుదానికీ రెట్టింపుదానికీ తేడా గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. మొక్క నిండుగా ఉంటుంది. పైగా నాలుగు రోజులే కదా.

కత్తి మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు.

"కొయ్యవా?" అంది భార్య.

"గురువారం అయ్యాక."

"మంచిది పెరుగుతోందని ముచ్చటపడితే కుంటిది చస్తుందని నువ్వే కదయ్యా నా చెవినిల్లు కట్టుకుని చెప్పావు?"

"నాలుగు రోజుల్లో ఏం చావదు. నీకేం తెలుసు?"

"నాకు తెలిసిందంతా నువ్వు చెప్పిందే. అది తప్పయితే నాకూ ఏం తెలీదు."

గురువారం మేస్త్రి గడ్డం గీసుకున్నాడు. కుర్చీ కడిగి పెరట్లో వేశాడు. సింకు అంచులు పీచుతో తోమాడు. సాయంత్రమైంది. కుర్చీ ఆరిపోయింది. నీడ డ్రమ్ము దాటి గోడెక్కింది. ఎవరూ రాలేదు. బావమరిదికి ఫోను చేస్తే, ఏదో మీటింగు పడిందట, వచ్చేవారం తప్పకుండా అందట అన్నాడు. వచ్చేవారం మళ్ళీ గడ్డం గీసుకున్నాడు. ఆ పై వారం గీసుకోలేదు గానీ కుర్చీ మాత్రం లోపల పెట్టలేదు.

"ఒక్కసారి ఫోను చేసి అడగరాదూ? వస్తారా రారా అని."

"నేనా? ఆవిడకా? చచ్చినా చెయ్యను."

"అయితే కొయ్యి."

"రేపో మాపో వస్తుంది. వచ్చేసరికి మొండి దుంప చూపించమంటావా?"

అలా అలా చలి దిగింది. సన్నగా తుంపర పట్టుకుని వారం వదల్లేదు. ఇప్పుడు కోస్తే గాయం మానదు, దుంప మొత్తం కుళ్ళుతుంది. ఆ మాటే భార్యతో అన్నాడు. ఆవిడ కాలరు కుడుతూ తల కూడా ఎత్తలేదు.

"అప్పుడు కోస్తే ఆవిడ చూడదు. ఇప్పుడు కోస్తే కుళ్ళుతుంది. బాగుంది. కొయ్యకుండా ఉండటానికి నీకు కారణాలు బాగా దొరుకుతున్నాయి."

కుడి పిలక ఇంకో పిలక వేసింది. దాని ఆకులు వంగి ఎడమదాని నెత్తిన గొడుగులా పడుకున్నాయి. మేస్త్రి ఆ ఆకుల్ని దారంతో వెనక్కి కట్టాడు. పుల్లలు గుచ్చాడు. పాత లంగా గుడ్డ అడ్డం పెట్టాడు. కొయ్యడం తప్ప అన్నీ చేశాడు. చలి చివర ఒక పొద్దున ఎడమ పిలకను నిటారుగా సర్దబోతే, అది చేతిలోకి వచ్చేసింది. అడుగున గోధుమరంగు గుజ్జు, కుళ్ళిన బంగాళాదుంప వాసన. నాలుగు ఆకులూ పైన ఇంకా పచ్చగానే ఉన్నాయి.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఆ పిలకను మళ్ళీ అదే గుంటలో గుచ్చి, చుట్టూ మట్టి నొక్కాడు.

గుమ్మంలో భార్య టీ గ్లాసుతో నిలబడి ఉంది.

"బతికే ఉందా?"

"ఉంది."

ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆ ప్రశ్న అడగడం మానేసింది. టీ మాత్రం తెచ్చేది. పదకొండు రోజులు, ఆకులు అట్టల్లా ఎండి వాటంతటవే పక్కకు ఒరిగేదాకా, ఆయన ఆ పిలకకు నీళ్ళు పోశాడు.

ఎండలు ముదరకముందే కుడి పిలక రెండు కాడలు తీసింది. ఐదు పువ్వులు పూసింది. పొగరంగు రేకులు, గొంతులో రాగి మెరుపు. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూసి అబ్బ అన్నారు. మేస్త్రి వాటి కేసి చూడలేదు. ఎవడింట్లోనో పెళ్ళి సందడి వినలేనివాడిలా చెవులు మూసుకున్నాడు, కళ్ళు కూడా.

సరిగ్గా అప్పుడు వచ్చింది డాక్టరమ్మ. ముందు చెప్పలేదు, కబురు పెట్టలేదు. కుండీలు చూడ్డానికి నర్సరీకి వచ్చిందట, పక్క వీధే కదా అని బావమరిది తీసుకొచ్చాడు. కుర్చీ మీద తడి యూనిఫారాలు ఆరేసి ఉన్నాయి. మేస్త్రికి వారం గడ్డం.

"మేస్త్రిగారూ, ఎన్నాళ్ళయింది! మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్నాయమ్మా."

"అబ్బ, ఏం పూసింది!" అని ఆవిడ సింకు ముందు కూలబడింది. చీర మట్టవుతుందన్న ధ్యాస కూడా లేదు. జుట్టు నెరిసింది గానీ పువ్వు ముందు ఆ కూర్చోవడం పాతదే. "ఇదేనా? రెట్టింపు చేశారట?"

మేస్త్రి నోరు విప్పేలోగా బావమరిది అందుకున్నాడు. "ఇదేనండీ. ఆరేళ్ళ తపస్సండీ."

ఆవిడ ఒక పువ్వులో వేలు పెట్టి పుప్పొడి తీసింది. మైక్రోస్కోపు వంటింటి గట్టు మీదే ఉంది. ఒంటి కన్నుతో చూసింది, మర తిప్పింది, మళ్ళీ చూసింది. ఆవిడ మొహం జాలిగా మారడం మేస్త్రి చూశాడు.

"డొల్లేనండీ. అన్నీ ముడుచుకుపోయాయి. ఇది మామూలు గొడ్డే మేస్త్రిగారూ. నేను చెప్పాను కదా, ఇందులో అవదు."

నోరు మూసుకుని ఉంటే అక్కడితో పోయేది. అవదనుకుని ఆవిడ వెళ్ళిపోయేది. కానీ ఆ చివరి మాట పుండు మీద కారంలా పడింది. మేస్త్రి మీటరు పెట్టె తలుపు తీశాడు. లోపల అంటించిన పేజీ ఆవిడకు కనబడిందో లేదో గానీ, ఆయన దాని కింద నుంచి ఒక అగ్గిపెట్టె తీశాడు. దూదిలో చుట్టిన రెండు గాజుపలకలున్నాయి.

"ఇది చూడండమ్మా. ఇంకో పిలక ఉండేది. ఎడమ వైపు. దాని ఆకు అచ్చు ఇది. అది కుడిదానిది."

డాక్టరమ్మ చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. రెండో పలక పెట్టి చూసి, మొదటిది మళ్ళీ పెట్టింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. కుట్టుమిషను ఆగిపోయింది.

"ఈ రెండూ ఒకే మొక్కవా?"

"ఒకే దుంపవి."

ఆవిడ తలెత్తింది. కళ్ళలో నీళ్ళున్నాయి. అబద్ధపు నీళ్ళు కావు, అది మేస్త్రికి తెలుసు.

"అయింది మేస్త్రిగారూ. రెట్టింపైంది. నేను పదకొండేళ్ళు చేసి చెయ్యలేనిది మీరు చేశారు. ఈ సింకులో."

ఎన్నో ఏళ్ళుగా ఆయన ఎదురుచూస్తున్న మాట అది. కాయ లేకుండానే వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఆయన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మరి కుడిదాన్ని ఎందుకు కొయ్యలేదండీ?" అంది ఆవిడ. మందలింపు కాదు, అర్థం కాక అడిగింది. "నా మొదటి ఏడు నేను కొయ్యలేకపోతే కోసింది మీరే కదా. నాకు నేర్పిందే మీరు కదా."

"గురువారం వస్తానన్నారు కదమ్మా" అన్నాడు మేస్త్రి. "చూపించి కోద్దామని ఉంచాను."

"ఏ గురువారం?"

బావమరిది పైకప్పు కేసి చూశాడు.

"అదేనండీ మేడమ్" అన్నాడు చివరికి, "చలికి ముందు... బావ చేశాడని నేను చెప్తే, వస్తానన్నారు..."

"నేనా? అయ్యో. అన్నానేమో. సారీ అండీ, అసలు గుర్తే లేదు." నిజంగానే నొచ్చుకుంది. "ఒక్క ఫోను చెయ్యాల్సింది మేస్త్రిగారూ. నా కోసం ఆగడమేమిటి? కోసెయ్యాల్సింది."

లోపలి గదిలో భార్య కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది.  

డాక్టరమ్మ గాజుపలకను వెలుతురుకు పట్టి చూస్తోంది. "ఇది నాకిస్తారా? రెండో పుస్తకం వేస్తున్నాం. ఇది అందులో రావాలి. ఈసారి మీ పేరు వేస్తాను. ఒట్టు."

"ఏమని రాస్తారమ్మా?"

ఆవిడ చదువుతున్నట్టుగా చెప్పింది. అలాంటి వాక్యాలు ఆవిడ నోటికి ఊపిరిలా వస్తాయి. "ఈ సంకరం రెట్టింపు కావడం సాధ్యమే. అయితే వేగంగా పెరిగే మామూలు పిలకను సకాలంలో తొలగించనందువల్ల రెట్టింపైన భాగం నశించింది. అని రాసి, కింద మీ పేరు."

మేస్త్రి ఆ వాక్యాన్ని మనసులో వేలు పెట్టి చదువుకున్నాడు. తొలగించనందువల్ల. నశించింది. కింద తన పేరు, అచ్చక్షరాల్లో, తప్పు లేకుండా.

"పేరొద్దమ్మా" అన్నాడు. "సిబ్బంది అని రాయండి."

డాక్టరమ్మ ఆయన కేసి ప్రేమగా చూసింది. "మీరేం మారలేదు మేస్త్రిగారూ. ఎప్పుడూ ఇంత వినయమే."

అగ్గిపెట్టె సంచిలో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ సింకు ముందు ఆగి, ఒక పువ్వు కోసుకోవచ్చా అని అడిగి, రెండు కోసుకుంది.

ఆవిడను సాగనంపి బావమరిది తిరిగొచ్చాడు. కాసేపు డ్రమ్ము మూత మీద వేళ్ళతో తాళం వేస్తూ నిలబడ్డాడు.

"బావా, పోనీ ఇది నాకివ్వు. కుండీల్లో పెట్టి అమ్ముకుంటా. గింజ కట్టదు కాబట్టి పువ్వు పది రోజులుంటుంది. జనానికి గింజెందుకు, పువ్వుంటే చాలు."

మేస్త్రి ఏమంటాడోనని అక్క గుమ్మంలోకి వచ్చింది. ఆయన గుడ్డలోంచి కత్తి తీశాడు. సింకులోంచి దుంపను లేపి, మట్టి విదిలించి, పీట మీద పెట్టి, పిలకకొక్కటి చొప్పున ముక్కలు చేశాడు. ఒక్కో కోతా ఒక్కో దెబ్బకే, వేరు తెగకుండా, పచ్చి అంచుకు బూడిద అద్ది.  ఎడమ పక్క మిగిలిన నల్లటి మచ్చను కత్తి మొనతో గీకి డ్రమ్ము వెనక్కి విసిరాడు.

"ఏం చెయ్యి బావా నీది" అన్నాడు బావమరిది, అన్నీ బుట్టలో సర్దుకుంటూ. "అప్పుడే ఇలా కోసుంటే..."

"నువ్వు ముందు బయటికి నడు" అంది అక్క.

అతను పోయాక ఆవిడ లోపలికెళ్ళి మాత్రల పెట్టె, నీళ్ళ గ్లాసు తెచ్చింది. ఒక మాత్ర తీసి మొగుడి అరచేతిలో పెట్టింది.

"ఇది నువ్వు మింగు."

మేస్త్రి దాని కేసి చూశాడు. ఒక్క మాత్రతో ఎన్ని చుక్కలవుతాయో ఆయనకు నోటికి తెలుసు. నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. ఆవిడ కదల్లేదు.

"నోరు తెరువు."

తెరిచాడు. ఆవిడ గడ్డం పట్టుకుని, వెలుతురుకు తిప్పి, నాలుక కిందా బుగ్గల పక్కనా చూసింది. ఏమీ లేదు.